ఇనుముకి వేగపరిమితి

గోదావరి గట్టు దిగువన ఉన్న ఆ ప్రభుత్వ పోత కర్మాగారంలో వేగంగా కదిలేది ఏదీ లేదు. ఉన్న ఒక్క ట్రాక్టరు రెండేళ్ళ కిందట ఇసుక దిబ్బ పక్కన ఆగిపోయింది. దాని సీటు మీద ఇప్పుడో కోడి పొదుగుతోంది. ఫైళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా, లేక అందుకేనేమో, రాజధానిలోని ప్రధాన కార్యాలయం వారు తమ కింద ఉన్న సంస్థలన్నింటిలోనూ వేగ నియంత్రణ విభాగాలు నెలకొల్పాలని తీర్మానించినప్పుడు, మొట్టమొదటి విభాగం ఇక్కడే వెలిసింది.

విభాగం అంటే ఒక గది, ఒక బోర్డు, సదానందం అనే ఒక అధికారి, ఆయన చేతిలో ఒక యంత్రం. ఆ యంత్రాన్ని గురిపెట్టి మీట నొక్కితే, ఎదుట కదిలేదాని వేగం అంకెల్లో కనిపిస్తుంది. సదానందం చాలా మర్యాదస్తుడు. ఎవరినీ నువ్వు అని ఎరగడు. పొదుగుతున్న కోడి దగ్గరికి వెళ్ళేటప్పుడు కూడా చెప్పుల చప్పుడు కాకుండా నడిచేవాడు.

ఆయన రాకతో పాటే ఉత్తర్వు నంబరు నలభై ఏడు వచ్చింది. "కర్మాగార ఆవరణలో ఏ వ్యక్తియు, ఏ వాహనమును, మరి ఏ ఇతర పదార్థమును గంటకు ఐదు కిలోమీటర్లకు మించిన వేగముతో చలించరాదు" అని అందులో ఉంది. మరో ఊళ్ళో ఎవరో తోపుడుబండివాడు తనది వాహనం కాదని వాదించి గెలిచినందువల్ల "మరి ఏ ఇతర పదార్థమును" అని ముందుజాగ్రత్తగా చేర్చారట.

ప్రతి నెలా ఎన్ని అతివేగం కేసులు పట్టుకున్నదీ పై ఆఫీసుకి తెలియజేయాలి. మొదటి ఐదు వారాలు సదానందం యంత్రం పట్టుకుని ఆవరణ అంతా తిరిగాడు. అటెండరు గంటకు రెండు కిలోమీటర్లు. పిల్లి మూడు. కోడి సున్నా. సాయంత్రం గంట కొట్టాక మాత్రం కార్మికులు గేటు వైపు ఎనిమిది దాకా వెళ్ళారు గాని, గంట కొట్టాక వాళ్ళు విధుల్లో లేరు కనుక కేసు నిలవదని న్యాయ సలహా వచ్చింది.

ఆరో వారం మంగళవారం నాడు ఆయన పోత షెడ్డులోకి వచ్చాడు.

అక్కడ నూకరాజు మేస్త్రీ పోత పోస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన పని అదే. కరిగిన ఇనుమును లేడిలులో, అంటే లోపల మట్టి పూసిన పెద్ద ఇనప బొక్కెనలో, పట్టుకొచ్చి ఇసుక అచ్చుల నోట్లో పోస్తాడు. ఇనుము మొహం చూసి దాని గుణం చెప్పగలడు. లేడిలులో ఇనుము మీద సన్నటి పొర ఏర్పడుతూ, విడిపోతూ, ముగ్గులా కదులుతుంటుంది. ఆ ముగ్గు ఎంత చురుగ్గా చెదిరితే ఇనుము అంత బాగా పారుతుంది. భార్య పోయాక ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక ఆయనకి ఇనుముతో మాట్లాడే అలవాటు పట్టుకుంది. పోసేటప్పుడు గొంతు తగ్గించి, "పద తల్లీ పద, ఆగకు, మూలమూలకీ ఎల్లు" అంటుంటాడు. అది ఆయన మాట వింటుందని షెడ్డులో అందరి నమ్మకం.

సదానందం యంత్రం గురిపెట్టి మీట నొక్కాడు. ఎనిమిది పాయింటు నాలుగు అని చూపించింది. ఆయన కళ్ళు చెమర్చాయి. అది పొగ వల్ల కావచ్చు.

"ఎవరిదండీ ఇది?" అన్నాడు.

"ఏదండి?"

"ఇప్పుడు లోపలికి వెళ్ళింది."

"ఇనుమండి."

"ఎవరి ఆధీనంలో ఉంది?"

"లేడిలులో ఉన్నంతసేపూ నా చేతిలో ఉంటాదండి. మూతి దాటాక ఇంక దానిష్టం," అన్నాడు నూకరాజు నిజాయితీగా.

"అదుపు తప్పినది," అని సదానందం పుస్తకంలో రాసుకున్నాడు.

మర్నాడు మెమో వచ్చింది. "మీ ఆధీనములోని ద్రవ ఇనుము గంటకు 8.4 కిలోమీటర్ల వేగముతో, ఎటువంటి హెచ్చరిక ధ్వని చేయక, అచ్చులోనికి ప్రవేశించినట్లు గమనించడమైనది. ఏల మీపై చర్య గైకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." నూకరాజుకి దస్తూరీ బాగుండదని, కర్మాగారం డిస్పెన్సరీలోని కాంపౌండరు దానియేలు జవాబు రాసిపెట్టాడు. ఇనుము నిదానంగా వెళితే సగం దారిలోనే గడ్డకట్టిపోతుందని, అచ్చు నిండదని, అందుచేత దయ ఉంచమని అందులో ఉంది. సాయంత్రానికి తిరుగు జవాబు వచ్చింది: "గమ్యము చేరుట ముఖ్యము కాదు. సురక్షితముగా ప్రయాణించుటయే ముఖ్యమని విభాగము అభిప్రాయము."

సరిగ్గా ఆ రోజే పసుపులంక నుంచి ఆదెమ్మ వచ్చింది.

ఆదెమ్మ ఆ లంకలో వార్డు మెంబరు. నలభై అయిదేళ్ళ మనిషి, గట్టి గొంతు. పడవ దిగి, ఇద్దరు మనుషుల చేత గోనెపట్టాలో ఒక బరువు మోయించుకుని, సరాసరి షెడ్డులోకి వచ్చి నూకరాజు ముందు దింపించింది. అది బోరింగు పంపు తల. నిలువునా చీలిపోయింది.

"అన్నియ్యా, ఇది మీరు పోసిందేనంట గదా. అడుగున మీ కార్కానా ముద్దర ఉంది."

నూకరాజు చెయ్యి వేసి చూశాడు. "నేను కాదమ్మా. మా గురువుగారు పోసింది. నలభై యేళ్ళు దాటుంటాది. దీన్నేం చేశారు?"

"ఏం చేత్తామండి, నీళ్ళు కొట్టుకున్నాం. మూడొందల గడపకీ అదొక్కటే. ఏరెర్రబడితే నూతిలోనూ ఆ ఎర్రనీళ్ళే. కిందటేడు ఇది మూలబడితే వారం రోజులు ఆ నీళ్ళే తాగాం. ఇంటికొకరు మంచం ఎక్కారు. కొత్తరకం తలలు మా పాత గొట్టానికి కూకోవంట. దీని చెక్క నమూనా మీ దగ్గరే ఉందన్నారు."

"ఉంది."

"ఇంకో పాతిక రోజుల్లో ఏరొచ్చేత్తాది. ఈలోగా పోసిత్తారా?"

"రెండ్రోజుల పనమ్మా," అన్నాడు నూకరాజు. తర్వాత చేతిలో ఉన్న మెమో గుర్తొచ్చి, "మొన్నటిదాకా అయితే," అన్నాడు.

పంపు తల పోయడం మామూలు పని కాదు. లోపల డొల్ల, చుట్టూ గోడ. ఆ గోడ మందం చిటికెన వేలంత కూడా ఉండదు. ఇనుము కింద నుంచి రెండు పాయలుగా చీలి, డొల్లని చుట్టి వచ్చి, అవతలి పక్క కలవాలి. కలిసేటప్పటికి రెండూ ఇంకా వేడిగా ఉండాలి. అందుకు కావలసింది పరుగు. ఆ పరుగు మీదే ఇప్పుడు నిషేధం.

నూకరాజు తనకి తెలిసిన ఉపాయాలన్నీ చేశాడు. ఇనుమును ఇంకాస్త వేడెక్కించాడు. సిలికాను ముక్కలు రెండు పిడికిళ్ళు ఎక్కువ వేశాడు, అది పడితే ఇనుము పల్చగా పారుతుంది. భాస్వరం ఎక్కువ ఉన్న ఇనుము ఇంకా పల్చగా పారుతుందని కుర్రమేస్త్రీలు గుర్తు చేశారు గాని ఆయన ఒప్పుకోలేదు. "పారడానికి పారతాది. చల్లారాక గాజు. ఆడోళ్ళు నాలుగు బిందెలు కొట్టేసరికి పెళ్ళున పగిలిపోద్ది," అన్నాడు.

సదానందం పక్కనే యంత్రంతో నిలబడ్డాడు. నూకరాజు లేడిలు మూతిని అచ్చు నోటికి బెత్తెడు ఎత్తులో పెట్టి, ముసలివాళ్ళకి మందు పోసినట్టు పోశాడు. "పద తల్లీ" అనలేకపోయాడు. నాలుగు పాయింటు ఎనిమిది. సదానందం ముఖం వికసించింది.

"చూశారా మేస్త్రీగారూ! క్రమశిక్షణ దానిలోనే ఉంది. మనం అడగలేదంతే."

మర్నాడు ఇసుక విడగొడితే సగం తల వచ్చింది. కింది భాగం, ఒక పక్క గోడ, అంతే. మిగతా సగం దారిలో ఎక్కడో ఆగి నిద్రపోయింది. జనరల్ మేనేజరు, అంటే అందరూ జీయం గారు అని పిలిచే పెద్దాయన, దాన్ని స్వయంగా చూడడానికి వచ్చాడు. సదానందం వివరించాడు. ఈ పోత ఆద్యంతం పరిమితికి లోబడి జరిగిందని, ఇది రాష్ట్రంలోనే మొట్టమొదటి అతివేగరహిత పోత అని చెప్పాడు. జీయం గారు దానితో ఫొటో దిగారు. సగం లేని వైపు కెమేరాకి కనబడకుండా నిలబెట్టారు.

వారం తిరక్కుండా ఆదెమ్మ మళ్ళీ వచ్చింది. చేతులు నడుము మీద పెట్టుకుని దాన్ని చుట్టూ తిరిగి చూసింది.

"తల అడిగితే దవడ పోశారేటండి?"

"నిదానంగా పొయ్యమన్నారమ్మా."

"ఎవరండీ అన్నది? ఆ ఇస్త్రీచొక్కా బాబా?" సదానందం వైపు తిరిగింది. "ఏమండీ, తవఁరింట్లో దోసె ఎలా పోత్తారండి? రోజుకో గరిటె పోసి నెలాఖరికి తిరగేత్తారా?"

సదానందం నొచ్చుకోలేదు. దోసె కర్మాగార ఆవరణలో లేదు కనుక దాని మీద తాను అభిప్రాయం చెప్పలేనని మృదువుగా అన్నాడు. కాని ఆమెకి కూర్చోవడానికి తన కుర్చీ తెప్పించి వేయించాడు. అది నూకరాజు గమనించాడు.

సగం తల విషయం చర్చించడానికి ప్రవాహ క్రమశిక్షణా సంఘం ఏర్పడింది. అందులో అయిదుగురు సభ్యులు. అయిదుగురిలో ఇనుము పోయడం చూసినవాళ్ళు ఎవరూ లేరు, అందువల్ల ముందే ఏర్పడిన అభిప్రాయాలు ఎవరికీ లేవని జీయం గారు సంతోషించారు. రెండు పూటలా పెసరట్టు ఉప్మా తిన్నాక సంఘం ఒక ముఖ్యమైన విషయం కనిపెట్టింది. కర్మాగారం పెట్టినప్పటి నుంచీ ఇక్కడ ఇనుము లైసెన్సు లేకుండా ప్రయాణిస్తోంది.

"లైసెన్సంటే పరీక్ష ఉండాలి గదండి," అన్నాడు నూకరాజు, వాళ్ళు పిలిచి అడిగినప్పుడు. "మా లాబులో ఒకటుందండి. ఇసుకలో నత్తగుల్లలాగ చుట్టలు చుట్టలుగా కాలవ తీత్తాం. నడిమజ్జన ఇనుము పోత్తాం. ఎన్ని అంగుళాలు పారి ఆగిందో కొలుత్తాం. అదే దాని పరీచ్చ."

"చుట్ట పనికిరాదు," అన్నాడు సంఘాధ్యక్షుడు. "లైసెన్సు పరీక్ష అంటే ఎనిమిది వెయ్యాలి. దేశమంతా అదే పద్ధతి."

నూకరాజు పార అందుకున్నాడు. ఇసుకలో ఎనిమిది అంకె ఆకారంలో కాలవ తీశాడు. సంఘ సభ్యులు కుర్చీలు వేసుకుని చుట్టూ కూర్చున్నారు. ఇనుము బయల్దేరి, మొదటి సున్నా చక్కగా చుట్టి, నడిమి కూడలికి వచ్చింది. అక్కడ దాని వెనకభాగం ఇంకా కూడలి దాటుతూనే ఉంది. ముందుభాగం వెళ్ళి దాన్ని గుద్దుకుంది. నాలుగు నిప్పుకణాలు లేచాయి. అధ్యక్షుడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ప్రమాదం!" అన్నాడు. "ఎవరితో?"

"దాంతో అదేనండి," అన్నాడు నూకరాజు.

స్వయంకృత ప్రమాదముగా నమోదు చేయడమైనది. ఇనుము పరీక్ష తప్పింది. అయితే పనిదినాలు నష్టపోకూడదని, ఆరు నెలలకు నేర్చుకునేవారి లైసెన్సు ఇచ్చారు. లేడిలు ముందూ వెనకా ఎర్ర ఎల్ అక్షరంతో రేకులు వేలాడదీశారు. లేడిలుకి పది అడుగుల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలన్నారు. అచ్చు లోపలి కాలవల్లో ప్రతి జానెడు దూరానికీ ఒక స్పీడుబ్రేకరు కట్టాలన్నారు.

ఈ చివరిదానికి షెడ్డంతా నవ్వింది గాని నూకరాజు నవ్వలేదు. కాలవలో చిన్న దిమ్మ కడితే ఇనుము మీద తేలే చిట్టెం దాని దగ్గర ఆగిపోతుంది. ఆయన గురువుగారు కూడా అలా కట్టేవాడు. ఇంత పెద్ద సంఘం రెండు రోజులు కూర్చుని ఒక్క మంచిపనైనా చేసిందని ఆయనకి ముచ్చట వేసింది. ఒకటి కట్టి, మిగతా పదకొండూ కట్టినట్టు రాయించాడు.

జెండా ముందు నడవగా, ఇనుమును మరింత వేడెక్కించి, వేగం ఐదు దాటకుండానే రెండో తల పోశారు. ఈసారి పూర్తిగా వచ్చింది. షెడ్డులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నూకరాజు మాత్రం దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో తిప్పి చూశాడు. ఒక పక్కన పైనుంచి కిందికి వెంట్రుకంత గీత కనిపించింది. రెండు పాయలూ వచ్చాయి, ఒకదాన్నొకటి తాకాయి, కాని అప్పటికే చల్లబడి, పొర కట్టి, కలవకుండానే పక్కపక్కన గడ్డకట్టాయి. నీళ్ళు నింపితే ఆ గీత వెంట చెమటలా బొట్లు బొట్లుగా కారాయి.

అప్పటికి పద్ధెనిమిది రోజులైంది. పైనున్న కొండల్లో వానలు మొదలయ్యాయని పత్రికలో వచ్చింది. ఆ సాయంత్రం ఆదెమ్మ వచ్చింది. గీత మీద వేలు పెట్టి, తడిసిన వేలు చూసుకుని, కొంగుతో తుడుచుకుంది. ఆవిడ తిట్టకపోవడమే నూకరాజుకి కష్టమనిపించింది.

"పోనీలే అన్నియ్యా. మరిగించుకుని తాగుతాంలే," అంది. "పుల్లలు తడవకుండా ఉంటే."

ఆమె పడవ ఎక్కాక నూకరాజు డిస్పెన్సరీకి వెళ్ళి దానియేలు ఎదుట కూర్చున్నాడు. దానియేలు దగ్గర మొత్తం రెండు మందులు ఉండేవి, ఒకటి ఎర్ర ద్రావకం, ఒకటి తెల్ల బిళ్ళ. ఎవరికి ఏది ఇవ్వాలో ఆయనకి ఎప్పుడూ అనుమానం రాలేదు. నూకరాజు మొహం చూసి ఏదీ ఇవ్వకుండా టీ పోశాడు.

"ఆ ఉత్తర్వు మొత్తం చదివావా?" అన్నాడు.

"నువ్వు చదివింది విన్నాను."

"నేను మొదటి పేజీయే చదివాను. రెండోది ఉంది." దానియేలు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "తొమ్మిదో పేరా. 'అగ్నిమాపక శకటములకును, అంబులెన్సులకును పై పరిమితి వర్తించదు.'"

నూకరాజు టీ గ్లాసు కింద పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే నూకరాజు సదానందం బల్ల ముందు నిలబడ్డాడు. ఇనుమును అగ్నిమాపక శకటంగా పరిగణించమని అడిగాడు. సదానందం సానుభూతితో విన్నాడు.

"కుదరదండీ. అగ్నిమాపక శకటం నిప్పుని ఆర్పడానికి వెళ్ళేది. తమరిది నిప్పే స్వయంగా వెళ్ళడం. ఉద్దేశం పూర్తిగా విరుద్ధం."

"పోనీ అంబులెన్సండి."

సదానందం కలం దించి ఆలోచించాడు. "అంబులెన్సుకి ఏ రంగు ఉండాలి, ఏ ఆకారం ఉండాలి అని ఉత్తర్వులో లేదు. అది నిజమే. లేడిలుకి తెల్లసున్నం పూసి ఎర్ర గుర్తు వేస్తే అభ్యంతరం ఉండదు. కాని మేస్త్రీగారూ, లోపల రోగి ఉండాలి కదా?"

"ఉన్నాడండి."

"ఎవరు?"

"పసుపులంక బోరింగండి. పాత తల. నిలువునా చీలిపోయి మా షెడ్డులో పడుంది. దాన్నే కరిగించి ఈ కొత్త తల పోత్తాం. లేడిలులో ఉండేది ఆ రోగేనండి."

ఇరవై ఏళ్ళ సర్వీసులో సదానందానికి ఇంత స్పష్టమైన విన్నపం ఎదురైనట్టు లేదు. "వైద్య ధ్రువీకరణ పత్రం కావాలి," అన్నాడు చివరికి. అది కాదనడం కాదని ఇద్దరికీ తెలుసు.

దానియేలు మెడలో స్టెతస్కోపు వేసుకుని షెడ్డుకి వచ్చాడు. రోగిని గోనెపట్టా మీద పడుకోబెట్టారు. ఆయన తొందరపడలేదు. పగులు పొడవునా వేలితో తడిమాడు, రెండు పక్కలా స్టెతస్కోపు ఆనించి విన్నాడు, పత్రం రాశాడు. "పేరు: బోరింగు. నివాసము: పసుపులంక. వయస్సు: సుమారు నలుబది. లక్షణములు: నిలువు పగులు, నీరు నిలువకపోవుట. నాడి: లేదు. శ్వాస: లేదు. అభిప్రాయము: అత్యవసరము."

సదానందం చదివి కనుబొమలు ముడిచాడు. "నాడీ లేదు, శ్వాసా లేదు అంటే మరణించినట్టే కదండీ? శవాలకి అంబులెన్సు వర్తించదు."

"పుట్టినప్పట్నుంచీ లేవండి," అన్నాడు దానియేలు. "ఈ రోగికి అది ఆరోగ్యమే."

సదానందం సంతకం పెట్టాడు. ఆ తర్వాత కొలిమిలో పట్టడానికి నలుగురు కలిసి సమ్మెటలతో రోగిని ముక్కలు కొడుతుంటే అదిరిపడి, "ఏమిటిది!" అన్నాడు.

"ఆపరేషనండి," అన్నాడు దానియేలు.

రోగి ఒక్కడితో లేడిలు నిండదని, కొంత కొత్త ఇనుము, కొంత తుక్కు ఇనుము కూడా కలపాలని నూకరాజు చెప్పాడు. సదానందం నిబంధనలు తిరగేశాడు. అంబులెన్సులో రోగితో పాటు ఇద్దరు సహాయకులకు అనుమతి ఉంది. కొత్త ఇనుము ఒకరు, తుక్కు ఇనుము ఒకరు. సరిపోయారు.

ఒక్క చిక్కు మిగిలింది. అంబులెన్సుకి సైరను ఉండాలి. కర్మాగారం స్టోర్సులో చేత్తో తిప్పే పాత సైరను ఒకటి దొరికింది. దాన్ని మోగించడానికి అధికారం ఉన్నవాళ్ళు ఎవరని చూస్తే, హెచ్చరిక ధ్వనులన్నీ వేగ నియంత్రణ విభాగం కిందికి వస్తాయని తేలింది. విభాగంలో ఉన్నది ఒక్క సదానందం.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం పోత. ఏరు ఎర్రబడిందని పొద్దుటే కబురొచ్చింది. ఆదెమ్మ గట్టు మీది నుంచి నేరుగా వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. తెల్లసున్నం పూసిన లేడిలు కొలిమి ముందుకి వచ్చింది. నూకరాజు ఇనుము మొహం చూశాడు. ముగ్గు చురుగ్గా చెదురుతోంది, పొర కట్టడానికి వ్యవధే లేదు. ఇంకాస్త ఆగితే ఈ చురుకు ఉండదు. ఆయన సదానందం వైపు చూశాడు.

సదానందం ఒక చేతిలో యంత్రం, ఒక చేతిలో సైరను పిడి పట్టుకుని ఉన్నాడు. పిడి కదల్లేదు. దానికి రెండు చేతులూ కావాలి. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, యంత్రాన్ని ఇసుక మీద, అద్దం కిందికి ఉండేలా, బోర్లా పెట్టాడు. జేబురుమాలు తీసి దాని మీద కప్పాడు. తర్వాత రెండు చేతులతో తిప్పడం మొదలుపెట్టాడు.

సైరను కూత షెడ్డు రేకులు అదిరేలా లేచింది. ట్రాక్టరు మీది కోడి తొలిసారి పరిమితి మించిన వేగంతో గోడ దాటింది. నూకరాజు లేడిలు ఎత్తి వంచాడు. మూరెడు ఎత్తు నుంచి ఇనుము ఎర్రటి తాడులా అచ్చు నోట్లోకి దూకింది. "పద తల్లీ పద, ఆగకు, అటో పాయ ఇటో పాయ, కలిసిపోండి, కలిసిపోండి..." సైరను గోలలో ఆ మాటలు ఎవరికీ వినపడలేదు. ఆయన పెదవులు కదలడం ఆదెమ్మకి కనిపించింది. ఏమంటున్నాడో తెలియకపోయినా తనూ అలాగే పెదవులు కదిపింది. ఎనిమిది, తొమ్మిది, పది లెక్కపెట్టేసరికి అచ్చుకి రెండో చివరనున్న బెజ్జంలోంచి ఇనుము పైకి తొంగి చూసింది.

"నిండిందండి!" అని అరిచాడు నూకరాజు.

సదానందానికి వినపడలేదు. మరో రెండు నిమిషాలు తిప్పుతూనే ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ పూర్తిగా పోయింది.

తెల్లవారి ఇసుక విడగొట్టి, తుడిచి, తాడుకి వేలాడదీసి, నూకరాజు చిన్న సుత్తితో తట్టాడు. గంటలా మోగి, మోగి, నిదానంగా ఆగింది. గీత లేదు. నీళ్ళు నింపి గంటసేపు చూశారు. చుక్క కారలేదు. ఆదెమ్మ తల చుట్టూ చెయ్యి వేసి, తడి లేని అరచేతిని నూకరాజుకి చూపించింది. "మీ ఇంటి ముందు మా పడవాగ!" అంది. అది దీవెనో తిట్టో తెలియక నూకరాజు రెండింటికీ సరిపోయేలా దండం పెట్టాడు. గేటు దగ్గర దానియేలు డిశ్చార్జి కాయితం ఇచ్చాక రోగిని పడవ ఎక్కించారు. ఎరుపు తిరిగిన ఏటి మీద పడవ నిదానంగానే వెళ్ళింది.

ఆ నెల నివేదికలో సదానందం ఇలా రాశాడు: అతివేగం కేసులు సున్నా, అంబులెన్సు ప్రయాణాలు నూట ముప్ఫై ఆరు, మరణాలు సున్నా. ఎందుకంటే అప్పటికి షెడ్డులో ప్రతి అచ్చుకీ ఒక రోగి దొరుకుతున్నాడు. ప్రధాన కార్యాలయం వారు అభినందిస్తూ, ఇంతమంది రోగులున్న చోట ఒక్క పడకైనా లేకపోవడం శోచనీయమని, రెండు మంచాలు, ఒక సీలింగు ఫ్యాను తక్షణం మంజూరు చేశారు. కొలిమి వేడికి మాడిపోయిన పోతమేస్త్రీలు మధ్యాహ్నం వంతులవారీగా వాటి మీద నడుం వాలుస్తున్నారు. రోగుల కోసం వచ్చిన మంచాలు ఖాళీగా ఉంచరాదని దానియేలు వాదన.

నిబంధనల ప్రకారం అంబులెన్సులో వెళ్ళిన ప్రతి రోగి యోగక్షేమాలు నెలకొకసారి కనుక్కోవాలి. సదానందం పసుపులంకకి ఫారం పంపాడు. వరద తీశాక జవాబు వచ్చింది. ఆదెమ్మ చెబుతుంటే ఎవరో రాసిన ఉత్తరం. దాన్ని ఆయన స్వయంగా షెడ్డుకి తెచ్చి, నూకరాజు మంచం పక్కన కూర్చుని చదివాడు.

"ఆఫీసరు బాబుగారికి. రోగి కులాసా. ఏరు మెట్ల దాకా ఎక్కింది. పదకొండు రోజులు నూతిలో ఎర్రనీళ్ళే. రోగి మాత్రం తేటనీళ్ళే పోశాడు. తెల్లారకముందే వరసగా బిందెలు. రెండో వారంలో కాస్త కిర్రుమన్నాడు, ఆముదం పట్టిస్తే తగ్గింది. ఈ యేడు లంకలో ఎవరూ మంచం ఎక్కలేదు. మా మేస్త్రీ అన్నియ్యకి చెప్పండి."

"చెప్పారు కదండీ," అన్నాడు నూకరాజు, ఫ్యాను వైపు చూస్తూ. "ఇంకోపాలి చదవండి."

సదానందం ఇంకోసారి చదివాడు. తర్వాత కలం తీశాడు. "ఒక్క గడి మిగిలిందండీ. ఫైలు మూసివేయుటకు అంచనా తేదీ. రోగి ఎన్నాళ్ళుంటాడంటారు?"

"బాగా పారి, బాగా నిండిన పోతండి. మీరూ నేనూ పోయాక కూడా నీళ్ళు పోత్తానే ఉంటాడు."

సదానందం చాలాసేపు ఆలోచించాడు. నిబంధనల పుస్తకం తెరవలేదు. ఆ గడిలో గుండ్రటి అక్షరాలతో, "రోగి దయ" అని రాశాడు.